వేగం అంకె పక్కన కంపైలర్ పేరేదీ?

సంపాదకులకు నమస్కారం.

కొత్త ప్రాసెసర్ వచ్చిన ప్రతిసారీ మీ సాంకేతిక పేజీలో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: "పాత తరం కంటే ఇన్ని శాతం వేగం." అంకె లావుపాటి అక్షరాల్లో ఉంటుంది. ఆ అంకె ఏ ప్రోగ్రాములు నడిపితే వచ్చింది, వాటిని ఏ కంపైలర్‌తో, దానికి ఏ సూచనలు (ఆప్షన్లు) ఇచ్చి తయారుచేశారు, ఎన్నిసార్లు నడిపి చూశారు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఈ విషయంలో మీ పత్రికనొక్కదాన్నే తప్పుపట్టడం న్యాయం కాదు, అన్ని పత్రికల తీరూ అదే. నేను చదివేది మీది గనుక ఫిర్యాదు కూడా మీకే చేస్తున్నాను.

నేను కంపైలర్ ప్యాచ్‌లను పరీక్షించే పనిలో ఉన్నాను. ప్రోగ్రామర్ రాసిన దాన్ని ప్రాసెసర్‌కు అర్థమయ్యే ఆదేశాలుగా మార్చేది కంపైలర్. అందులో ఎవరైనా చేసిన మార్పును, అంటే ప్యాచ్‌ను, అసలు కోడ్‌లో కలిపే ముందు రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. దీనివల్ల ఏదైనా పాడయిందా? నిజంగానే వేగం పెరిగిందా? ఈ రెండు ప్రశ్నలతోనే నా ఉద్యోగం గడిచిపోతుంది. నేను చూసేది రిస్క్-ఫైవ్ ఆర్కిటెక్చర్. 2010లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ ప్రాంగణంలో మొదలైన ఈ ఆదేశాల సముదాయాన్ని ఎవరైనా రాయల్టీ చెల్లించకుండా వాడుకోవచ్చు. ఇది వయసులో చిన్నది గనుక కంపైలర్లలో దీని కోసం చేయవలసిన పని ఇంకా చాలా ఉంది, ప్యాచ్‌లు కూడా అదే జోరులో వస్తుంటాయి.

ముందుగా మీ పాఠకులకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. చిప్‌ను ముట్టుకోకుండానే దాని వేగం మారుతుంది. జీసీసీ అనే కంపైలర్ 1987 నుంచి ఉంది, దానిలో రిస్క్-ఫైవ్ చేరింది 2017లో వచ్చిన ఏడో వెర్షన్‌తో. ఒకే ఆదేశంతో అనేక సంఖ్యలపై ఒకేసారి లెక్క చేసే వెక్టర్ ఆదేశాలు ఈ ఆర్కిటెక్చర్‌లో 1.0 రూపంలో ఖరారైనవి 2021 చివర్లో. ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే మామూలు లూపులను కంపైలర్ తనంతట తానే వెక్టర్ ఆదేశాలుగా మార్చడం జీసీసీలో చెప్పుకోదగిన స్థాయికి వచ్చింది 2024లో విడుదలైన పద్నాలుగో వెర్షన్‌తో. 2021కీ 2024కీ నడుమ వెక్టర్ విభాగమున్న చిప్ కొని, పాత కంపైలర్‌తో ప్రోగ్రాములు తయారుచేసుకున్నవారికి ఆ విభాగం చాలావరకు ఖాళీగా పడి ఉన్నట్టే. అదే చిప్‌లో అదే ప్రోగ్రామును కొత్త కంపైలర్‌తో మళ్లీ తయారుచేస్తే వేగం పెరగవచ్చు. ఆ పెరుగుదలను పత్రిక ఎవరి ఖాతాలో రాస్తుంది? చిప్ కంపెనీ ఖాతాలోనే రాస్తుంది, ఎందుకంటే పత్రికా ప్రకటన పంపింది వాళ్లు.

ఒక ప్యాచ్‌ను దగ్గరగా చూద్దాం. అర్రే అంటే వరుసగా పేర్చిన విలువలు. ఒక్కొక్కటి 8 బైట్లుండే అర్రేలో ఫలానా స్థానంలోని విలువ కావాలంటే రిస్క్-ఫైవ్ మూల ఆదేశాలతో మూడు మెట్లు ఎక్కాలి. స్థానం సంఖ్యను మూడు బిట్లు ఎడమకు జరపాలి, అంటే ఎనిమిదితో హెచ్చించడమన్నమాట. వచ్చిన దాన్ని అర్రే మొదటి చిరునామాకు కలపాలి. ఆ చిరునామాలో ఉన్నదాన్ని రిజిస్టర్‌లోకి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గదిలోకి, తేవాలి. 2021లోనే ఆమోదం పొందిన మరో చేర్పులో మొదటి రెండింటినీ ఒకే దెబ్బతో చేసే ఆదేశం వచ్చింది. కంపైలర్ ఆ అవకాశాన్ని గుర్తుపట్టేలా ప్యాచ్ రాస్తే మూడు ఆదేశాలు రెండవుతాయి.

"మూడింట ఒక వంతు తగ్గిందిగా, ముప్ఫై మూడు శాతం లాభం" అని లెక్క కట్టేవాళ్లను నేను చూశాను, ఆ లెక్కను ప్రదర్శన తెరమీదికి ఎక్కించినవాళ్లను కూడా చూశాను. నడిపి చూస్తే తేడా ఒక్కోసారి కంటికే ఆనదు. కారణం మూడో ఆదేశం. కావలసిన విలువ క్యాష్‌లో, అంటే ప్రాసెసర్ పక్కనే ఉండే చిన్న వేగమైన మెమరీలో, లేకపోతే ప్రధాన మెమరీ నుంచి రావాలి, దానికి వందల క్లాకులు (ప్రాసెసర్ గడియారపు టిక్కులు) పడుతుంది. అంతసేపు ఎదురుచూస్తున్నప్పుడు ముందు ఒక క్లాకు మిగిలిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఆదేశాలను వరుస తప్పించి, వీలున్నదాన్ని ముందుగా చేసుకుపోయే పెద్ద కోర్లలో (కోర్ అంటే చిప్‌లో ఆదేశాలు నడిపే భాగం) ఆ జరిపే పని మరేదో పని పక్కన చడీచప్పుడు లేకుండా అయిపోతుంది. రాసిన వరుసలోనే నడిచే చిన్న కోర్‌లో, డేటా అంతా క్యాష్‌లోనే ఉన్న లూపులో మాత్రం అదే ప్యాచ్ చక్కటి లాభం చూపిస్తుంది. అందుకే "రిస్క్-ఫైవ్‌కు మంచిది" అన్న మాట నాకు సగం మాటలాగే వినిపిస్తుంది. ఆర్కిటెక్చర్ అనేది ఆదేశాల ఒప్పందం. వేగం ఒప్పందంలో ఉండదు, ఆ ఒప్పందాన్ని అమలుచేసే ఒక్కొక్క చిప్‌లో ఉంటుంది. ఒక చిప్‌ను దృష్టిలో ఉంచుకుని చేసిన మార్పు మరో కంపెనీ చిప్‌ను నెమ్మది చేయడం మాకు వింత కాదు. అలాంటప్పుడు ప్యాచ్‌ను ఆ ఒక్క చిప్‌కు మాత్రమే వర్తించేలా మార్చి తెమ్మని వెనక్కి పంపిస్తాం. పంపినవారికి కోపం వస్తుంది, అది వేరే సంగతి.

వేగం సంగతి తర్వాత, ముందు జవాబు సరైనదేనా అని చూడాలి. దీనికి పాతకాలపు పద్ధతే ఇప్పటికీ గట్టిది. జీసీసీ తనను తానే కంపైల్ చేసుకుంటుంది. యంత్రంలో అప్పటికే ఉన్న కంపైలర్‌తో మొదటి దశ, ఆ మొదటి దశతో రెండోది, రెండోదానితో మూడోది తయారవుతాయి. రెండు, మూడు దశల్లో పుట్టిన ఫైళ్లను బైటు బైటుగా పోలుస్తారు. ఎక్కడ తేడా కనిపించినా ప్యాచ్ తప్పినట్టే. బూట్‌స్ట్రాప్ అనే ఈ తతంగం పెద్ద సర్వర్ మీద త్వరగానే ముగుస్తుంది, చిన్న అభివృద్ధి బోర్డు మీదయితే గంటల తరబడి సాగుతుంది. ఆ తర్వాత వేలకొద్దీ చిన్న పరీక్షలు నడుస్తాయి. వాటిలో కొన్ని ప్యాచ్ లేకున్నా విఫలమయ్యేవే. అందువల్ల ప్యాచ్‌కు ముందొకసారి, తర్వాతొకసారి నడిపి రెండు జాబితాలనూ పక్కపక్కన పెడతాం. నిన్నటిదాకా నెగ్గి, ఇవాళ తప్పినవే మాకు ముఖ్యం. నిన్న తప్పి ఇవాళ అకస్మాత్తుగా నెగ్గినవి కనిపించినా నాకు నిద్ర పట్టదు. అడగని వరం ఎందుకొచ్చిందో తెలియాలి కదా.

ఇన్ని వడపోతల్లోంచి కూడా జారిపోయే దోషాలుంటాయి. నా చేతికి వచ్చినవాటిలో ఒకటి చెబుతాను, కాస్త ఓపికగా చదవండి. 64 బిట్ల రిస్క్-ఫైవ్‌లో రిజిస్టర్ వెడల్పు 64 బిట్లు. ప్రోగ్రాముల్లో ఎక్కువగా కనిపించే పూర్ణాంకాలు 32 బిట్లవే. 32 బిట్ల విలువను అంత వెడల్పు రిజిస్టర్‌లో ఉంచితే పై సగంలో ఏముండాలి? కింది సగంలో అన్నిటికన్నా పైనున్న బిట్ సున్నా అయితే పై సగమంతా సున్నాలు, ఒకటి అయితే పై సగమంతా ఒకట్లు ఉండాలన్నది ఈ ఆర్కిటెక్చర్‌లో కట్టుబాటు. రుణ సంఖ్యల ప్రసక్తే లేని అన్‌సైన్డ్ విలువలకు కూడా ఇదే వర్తిస్తుంది. కంపైలర్ జాగ్రత్త కోసం ఇలా నింపే ఆదేశాన్ని అవసరం లేనిచోట కూడా చేరుస్తుంది. ఆ అనవసరపు ఆదేశాలను ఏరిపారేసే ప్యాచ్‌లు తరచూ వస్తాయి, వాటివల్ల లాభమూ ఉంటుంది.

ఈ దోషం తెచ్చిన ప్యాచ్ కూడా ఆ కోవలోదే. కాకపోతే అవసరమైనచోట కూడా ఏరేసింది. 2147483647 అనే అన్‌సైన్డ్ సంఖ్యకు 1 కలిపితే 2147483648 రావాలి. వచ్చింది కూడా. కింది 32 బిట్లు అచ్చంగా సరిపోయాయి. కాని కట్టుబాటు ప్రకారం పై సగంలో ఒకట్లు ఉండాల్సింది పోయి సున్నాలు మిగిలాయి. పోల్చడానికి మరో రిజిస్టర్‌లో పెట్టిన 2147483648 మాత్రం కట్టుబాటు ప్రకారం ఒకట్లతో నిండి ఉంది. ఈ ఆర్కిటెక్చర్‌లో కింది 32 బిట్లను మాత్రమే పోల్చి దారి మళ్లించే బ్రాంచ్ ఆదేశం లేదు, ఉన్నది 64 బిట్లనూ కలిపే పోలుస్తుంది. రెండూ సమానమేనా అని ప్రోగ్రాం అడిగితే కాదన్నది. రెండింటినీ తెరమీద ముద్రించి చూస్తే ఒకే సంఖ్య. మీరే చెప్పండి, ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు తమ కోడ్‌లో తప్పు వెతుక్కుంటూ ఎంతకాలం తిరగాలి? వేగం కొలిచే నమూనా ప్రోగ్రాముల్లో, అంటే బెంచ్‌మార్కుల్లో, ఆ ప్యాచ్‌కు మంచి మార్కులే పడ్డాయి. తప్పుడు జవాబు చురుగ్గా చెప్పడానికి పెద్ద శ్రమ అక్కరలేదు మరి.

మనుషులు రాసిన పరీక్షలకు చిక్కని ఇలాంటివాటి కోసం యంత్రమే యాదృచ్ఛికంగా ప్రోగ్రాములు పుట్టించి కంపైలర్ మీదికి వదిలే పద్ధతి ఒకటుంది. యూటా విశ్వవిద్యాలయంలో తయారైన సీస్మిత్ అనే సాధనం ఇలాగే, అంతకుముందు ఎవరికీ తెలియని 325కు పైగా దోషాలను కంపైలర్లలో బయటపెట్టింది. ఆ వివరాలు 2011లో ప్రచురితమయ్యాయి. వారు పరీక్షించిన ప్రతి కంపైలర్ ఎక్కడో ఒకచోట నోరు మెదపకుండా తప్పుడు కోడ్ ఇచ్చింది. కోట్ల రూపాయల సాఫ్ట్‌వేర్ నిలబడేది ఇలాంటి పునాదుల మీదే. ఈ సంగతి వార్త కాదంటారా?

ఇక కొలత దగ్గరికి వస్తాను. అసలు చిప్ దొరకనప్పుడు క్యూఎము వంటి ఎమ్యులేటర్‌లో ఆ ఆర్కిటెక్చర్‌ను అనుకరించి పరీక్షలు నడుపుతాం. జవాబు సరైనదా కాదా తేల్చడానికి అది భేషైన సాధనం. ఎన్ని ఆదేశాలు నడిచాయో కూడా చెబుతుంది. కాలం సంగతి దాన్ని అడగకూడదు. అసలు చిప్‌లోని క్యాష్‌ను గానీ, ఆదేశాలను అంచెలంచెలుగా నడిపే పైప్‌లైన్‌ను గానీ అది అనుకరించదు. ఎమ్యులేటర్‌లో తగ్గిన సమయాన్ని చిప్ వేగమని ఎవరైనా చెబితే అక్కడితో సంభాషణ ఆపేయడం మేలు.

అసలు చిప్ మీదయినా కాలాన్ని కొలవడం గాలికి ఊగే తక్కెడలో బంగారం తూచడమే. బోర్డు వేడెక్కితే క్లాకు వేగం తగ్గుతుంది. ఆపరేటింగ్ సిస్టం మధ్యలో ఏదో పని పెట్టుకుంటుంది. ప్రోగ్రామును మెమరీలో ఈసారి ఒకచోట, మరోసారి ఇంకోచోట ఉంచుతుంది. 2009లో కొందరు పరిశోధకులు చూపించిన సంగతి వింటే నవ్వొస్తుంది. ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చకుండా, చుట్టూ ఉండే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాము మొదలయ్యేటప్పుడు దానికి అందే పేర్లు, విలువలు) మొత్తం పొడవు మార్చినా, విడివిడి ఫైళ్లను ఒకే ప్రోగ్రాముగా అతికే, అంటే లింక్ చేసే, వరుస మార్చినా నడిచే సమయం మారుతోంది. వేరియబుల్స్ పొడవు మారితే, ప్రోగ్రాము తాత్కాలిక విలువలు దాచుకునే స్టాక్ మొదలయ్యే చిరునామా కదులుతుంది, దాంతో డేటా క్యాష్‌లో కూర్చునే తీరు మారుతుంది. ఒక ఆప్టిమైజేషన్ (వేగం కోసం కంపైలర్ చేసే మార్పు) వల్ల లాభమా నష్టమా అన్న తీర్పే తారుమారయ్యేంత తేడా వచ్చింది. ఆ వేరియబుల్స్‌లో వాడుకరి పేరు కూడా ఉంటుంది. పొట్టి పేరువారికి ఒక ఫలితం, పొడుగు పేరువారికి మరో ఫలితం వస్తే ఆశ్చర్యపడనక్కరలేదు.

అందుకే క్లాకును ఒక స్థాయిలో బిగించేస్తాం. ప్రోగ్రామును ఒకే కోర్‌కు కట్టేస్తాం. చిరునామాలు మార్చే సదుపాయాన్ని ఆపేస్తాం, లేదా పనిగట్టుకుని చాలా రకాలుగా మార్చి అన్నిటినీ కలిపి చూస్తాం. నా పట్టుదల ఇంకొకటుంది: పాత కంపైలర్‌తో చేసినవన్నీ ముందు నడిపేసి, కొత్తవన్నీ తర్వాత నడపకూడదు. పాతది, కొత్తది, మళ్లీ పాతది, మళ్లీ కొత్తది, ఇలా మార్చి మార్చి నడపాలి. లేకపోతే సాయంత్రానికి వేడెక్కిన బోర్డు పాపం కొత్త ప్యాచ్ నెత్తిన పడుతుంది. చివరికి ఒకే అంకె కాకుండా మధ్యస్థం (ఫలితాలను వరుసలో పేర్చితే నడుమ వచ్చేది) ఎంత, ఫలితాలు ఎటు నుంచి ఎటు దాకా చెదిరాయి అన్నవి రెండూ రాస్తాం. చెదురు రెండు శాతం ఉన్నచోట ఒక శాతం లాభం అంటే లాభమో కాదో తెలియలేదని అర్థం. నేను రాసే నివేదికల్లో ఎక్కువసార్లు వచ్చే వాక్యం "చెప్పుకోదగ్గ తేడా లేదు". అలాంటి వాక్యం మీ పేజీలో ఒక్కసారి కూడా చూడలేదు.

కంపైలర్ తెలివి మీరితే ఏమవుతుందో కూడా పాఠకులకు తెలియాలి. డ్రైస్టోన్ అనే బెంచ్‌మార్క్ 1984 నాటిది. అందులో సమయమంతా అక్షరమాలలను నకలు చేయడం, పోల్చడం వంటి కొద్ది పనుల చుట్టూనే తిరుగుతుంది. కంపైలర్లు ఆ కొద్ది పనులనే మెరుగుపరచి అంకెలు పెంచేశాయి. అయినా చిన్న ప్రాసెసర్ల ప్రకటనల్లో అది ఈనాటికీ కనిపిస్తూనే ఉంది. బెంచ్‌మార్కులు తయారుచేసే స్పెక్ సంస్థ 1989లో తెచ్చిన మొదటి సముదాయంలో మ్యాట్రిక్స్300 అనే ప్రోగ్రాం ఉండేది. కంపైలర్లు దాని లూపులను తిరగరాసి స్కోరును ఎన్నో రెట్లు పెంచేసరికి 1992 సముదాయంలో దాన్ని తీసేశారు. మరీ పాత సంగతులంటారేమో, నిన్నమొన్నటిది చెబుతాను. 2024లో స్పెక్ సంస్థ ఇంటెల్ కంపైలర్‌తో వచ్చిన 2,600కు పైగా ఫలితాల మీద అభ్యంతర ముద్ర వేసింది. సముదాయంలోని జలాన్ అనే ఒక్క ప్రోగ్రాం గురించి ముందే తెలుసుకుని, దానికి మాత్రమే పనికొచ్చే ఆప్టిమైజేషన్ ఆ కంపైలర్‌లో ఉందన్నది ఆక్షేపణ. అక్కడ చిప్ చేసిన తప్పేమీ లేదు. ఆ అంకెలు మాత్రం చిప్ పేరు మీదే ఊరేగాయి.

మొత్తం సముదాయానికి కలిపి ఒక్క సగటు చెప్పడం మరో అలవాటు. స్పెక్ వాడేది గుణోత్తర సగటు, అంటే స్కోర్లను కూడకుండా గుణించి, మూలం తీసి కట్టేది. పోల్చడానికి అది సరైన పద్ధతే. కాని ఒక ప్రోగ్రాం బాగా దూసుకుపోయి, మరో రెండు వెనకబడినా సగటు "కొద్దిగా మెరుగు" అనే చెబుతుంది. మీ పాఠకుడు నడిపేది సగటు ప్రోగ్రామును కాదు. అతని పని ఆ వెనకబడిన రెండింటిలో ఉందేమో ఎవరికి తెలుసు? ప్యాచ్ పరీక్షించేటప్పుడు నేను సగటును చివర్లో చూస్తాను, కిందికి పోయినవాటి వరుసలు ముందు తెరుస్తాను. వాటి అసెంబ్లీ కోడ్, అంటే కంపైలర్ ఇచ్చిన ఆదేశాల జాబితా, పక్కన పెట్టుకుని, ఏ లూపులో ఏ ఆదేశం కొత్తగా చేరింది, ఏ విలువ రిజిస్టర్ చాలక స్టాక్‌లోకి పోయింది అని చూస్తే చాలాసార్లు కారణం అక్కడే దొరుకుతుంది. ఏ కారణమూ దొరక్కపోతే, లూపు మొదలయ్యే చిరునామా కాస్త అటూ ఇటూ జరిగిందేమో చూడాలి. అదే నిజమైతే ఆ నష్టం ప్యాచ్‌ది కాదు. లాభమైనా అంతే, దాన్ని కూడా ప్యాచ్‌కు కట్టబెట్టకూడదు. ఈ రెండో సగాన్ని ఒప్పుకోవడానికే ప్యాచ్ రాసినవాళ్లకు మనసు రాదు.

ఇన్ని వివరాలకు పత్రికలో చోటెక్కడిదని మీరు అడగవచ్చు. ఈ ఉత్తరంలో ఉన్నదంతా వేయమని కోరడం లేదు. అంకె కింద ఒక పంక్తి చాలు: ఏ బెంచ్‌మార్క్, ఏ కంపైలర్ ఏ వెర్షన్, ఏ ఆప్షన్లు, ఎన్నిసార్ల నడకలో మధ్యస్థం. వీటిలో రహస్యమేమీ లేదు. 2009లో వచ్చిన కోర్‌మార్క్ అనే బెంచ్‌మార్క్ నిబంధనలే స్కోరు పక్కన కంపైలర్ పేరు, వెర్షన్, ఆప్షన్లు రాయాలంటాయి. స్పెక్ 2017 సముదాయం ఫలితాల్లో కంపైలర్ ఆప్షన్లన్నీ బహిరంగంగానే ఉంటాయి. ఒక భాషలోని ప్రోగ్రాములన్నిటికీ ఒకే ఆప్షన్లు వాడిన బేస్ స్కోరు ఒకటి, ఒక్కొక్క ప్రోగ్రాముకు విడివిడిగా ఆప్షన్లు ఎంచుకునే పీక్ స్కోరు మరొకటి అక్కడ వేర్వేరుగా కనిపిస్తాయి. పెద్ద అక్షరాల్లో అచ్చయ్యే అంకె వీటిలో ఏదో మీ విలేకరి అడిగితే ప్రకటన పంపినవారు చెప్పి తీరాలి. రెండు చిప్‌లను పోల్చినప్పుడు రెండింటికీ ఒకే కంపైలర్ వాడారా అని కూడా అడగమనండి. కొత్త చిప్‌కు కొత్త కంపైలర్, పాత చిప్‌కు ఏనాడో ప్రచురించిన పాత అంకె తీసుకుని శాతాలు కట్టడం ఈ రంగంలో అందరికీ తెలిసిన చిట్కా.

వారు చెప్పకపోతే అంకెను ఆపేయమని నేననను. దాని పక్కనే "కంపైలర్ వివరాలు కంపెనీ వెల్లడించలేదు" అని అదే లావుపాటి అక్షరాల్లో వేయండి.

ఇట్లు,
కంపైలర్ పరీక్షల్లో పనిచేసే ఒక ఇంజినీరు